నవంబర్ 26న కాలేజీలో సర్వమత ప్రార్థన: ఎవరిని పిలవాలి, ఏం చదవాలి

మేడం, మీరు అడిగింది ఇదీ. కడపలో ఒక డిగ్రీ కాలేజీకి ఈ ఏడాదే ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్ అయ్యారు. 2008 ముంబై దాడుల్లో చనిపోయినవాళ్ళ కోసం నవంబర్ 26న సర్వమత ప్రార్థన పెట్టమని ప్రిన్సిపాల్ చెప్పారు. ఎవరెవరిని పిలవాలో, ఎవరితో మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఒక తండ్రి అప్పుడే ఫోన్ చేసి, "మా అమ్మాయితో వేరే మతం ప్రార్థన చేయించొద్దు" అన్నాడు. పైగా అదే రోజు రాజ్యాంగ దినోత్సవం. టెన్షన్‌గా ఉంది అన్నారు.

ఉంటుంది. నేనూ ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పాను. 2009 నుంచి 2022లో రిటైరయ్యేదాకా, ప్రోగ్రాం ఆఫీసర్‌గా ఉన్నా లేకపోయినా, ఈ పని ఏటా నా నెత్తినే పడేది. మొదటి రెండేళ్ళూ చెడగొట్టాను. ఎలా చెడగొట్టానో చెబితే మీకు సగం పని అయిపోయినట్టే.

2009లో మొదటి వర్ధంతి. సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టాం. వేదిక మీద ఐదు కుర్చీలు, మనిషికి ఐదు నిమిషాలు. మైకు ముందు నిలబడ్డాక ఐదు నిమిషాలంటే ఎంతో మీకు తెలియనిది కాదు. మొదటాయన తమ ఆశ్రమంలో జరిగే అన్నదానం గురించి ఇరవై నిమిషాలు చెప్పారు. రెండో ఆయన రక్షణ మార్గం గురించి చెప్పి పిల్లల్ని కళ్ళు మూసుకొని చేతులెత్తమన్నారు. కొందరు ఎత్తారు, కొందరు పక్కవాళ్ళని చూసి ఎత్తి, మళ్ళీ దించారు. మసీదు నుంచి వచ్చిన ముస్లిం పెద్ద, హజరత్‌ది చివరి వంతు. కడపలో నవంబర్ ఆఖర్లో ఐదూ నలభై ప్రాంతంలో పొద్దు గూకుతుంది. ఆయన పేరు పిలిచేసరికి మగ్రిబ్ (పొద్దు గూకగానే చేసే నమాజు) అజాన్ వినబడింది. నావైపు చూసి చేత్తో సైగ చేసి, లేచి వెళ్ళిపోయారు. మగ్రిబ్ నమాజుకు ఉండే వ్యవధి తక్కువ, జాప్యం చేయరు. ఆ సంగతి నాకు తెలుసు, హాల్లో ఉన్న మూడొందల మందిలో సగానికి తెలియదు. "ముంబై గురించి మాట్లాడమంటే లేచిపోయినాడంట" అనే మాట మర్నాటికి బస్టాండు దాకా పోయింది.

తప్పు ఆయనది కాదు, టైము వేసిన నాది. ఇంటికెళ్ళి క్షమించమన్నాను. టీ తెప్పించి, కాసేపు ఊరికే కూర్చున్నాక ఒకే మాటన్నారు: "సార్, మీతో కలిసి బాధపడమని పిలవండి, ఎప్పుడైనా వస్తాం. మా తరఫున సాక్ష్యం చెప్పమని పిలవకండి." ఆ మాట నాకు పదమూడేళ్ళు పనికొచ్చింది. ముస్లిం పెద్దను పిలిచి, దాడిని ఖండిస్తున్నానని ఆయన చేత నాలుగుసార్లు అనిపించి, చప్పట్లు కొట్టించి పంపడం మన దగ్గర మామూలైపోయింది. పంతులుగారిని అలా అడగం, ఫాదర్‌ని అడగం. ఈయన్ని మాత్రం ఎందుకు అడుగుతున్నామో ఆలోచించండి.

2010లో జాగ్రత్తపడి ఉదయం పెట్టాను. ఈసారి జ్యోతి ప్రజ్వలన దగ్గర దెబ్బతిన్నాను. కుందె, ఐదు వత్తులు, అందరి చేతికీ తలా ఒక కొవ్వొత్తి. హజరత్ చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడ్డారు. ఇంకో క్రైస్తవ సంఘం నుంచి వచ్చిన పాస్టర్ అయ్యగారూ అంతే. సరిగ్గా అప్పుడే ఎవరో ఫొటో తీశారు. దీపం వెలిగించడం, పటానికి దండ వేయడం మనకు మర్యాద. కొందరికి అది పూజ కిందకు వస్తుంది. అందరి ముందూ నిలబెట్టి ఇరకాటంలో పెట్టడం అన్యాయం. ఆ తర్వాత మా కార్యక్రమంలో కుందె లేదు, దండ లేదు. లేకపోతే వెలితిగా ఉంటుందనుకున్నాను. ఎవరూ అడగలేదు కూడా.

ఆ రెండేళ్ళలో నేను చేసిన అసలు పొరపాటు ఒకటే. కార్యక్రమాన్ని మతాలకు పంచాను. పంచితే వాటాలొస్తాయి. వాటాలొచ్చాక ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరికి ఎన్ని నిమిషాలు అనేదే మిగిలింది. ఎవరి కోసం కూడామో వాళ్ళ పేర్లు ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా వేదిక మీద వినబడలేదు.

పేర్ల సంగతి నాకు తట్టింది మా అక్క కొడుకు వల్ల. వాడు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటాడు. న్యూయార్క్‌లో ఏటా సెప్టెంబర్ 11న జరిగే సభ వీడియో పంపాడు. అక్కడ చేసేది ప్రధానంగా ఒకటే పని. చనిపోయినవాళ్ళ బంధువులు ఇద్దరిద్దరు చొప్పున వచ్చి పేర్లు చదువుతారు. 2001 విమాన దాడుల మృతులు 2,977 మంది, వాళ్ళతోపాటు 1993లో అదే వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో బాంబు పేలుడులో పోయిన ఆరుగురు. మొదటి విమానం ఢీకొట్టిన 8:46 గంటలకు మౌనం, రెండోది ఢీకొట్టిన 9:03కి మౌనం, అలా మొత్తం ఆరుసార్లు ఆగుతారు. పదో వర్ధంతికి మత పెద్దల్ని మాట్లాడటానికి పిలవలేదని పెద్ద గొడవే జరిగింది. 2012 నుంచి రాజకీయ నాయకులు వచ్చినా మాట్లాడరు. మత పెద్దలు అసలు వద్దనేదాకా నేను పోను, మన ఊళ్ళో వాళ్ళు లేకపోతే ప్రార్థన అన్న మాటకే అర్థం ఉండదు. కానీ పేర్లు మధ్యలో పెట్టి మిగతాదంతా వాటి చుట్టూ సర్దడం అక్కడే నేర్చుకున్నాను.

ముంబైలో పోయింది 166 మంది. పేరుకు ఐదు సెకన్లు వేసుకోండి, పద్నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. పది మంది పిల్లలు చాలు. జాబితాను ఇంటిపేర్ల వరసలో రాయించండి, హోదాల వరసలో వద్దు. పోలీసు అధికారి పేరు, స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తున్న కూలీ పేరు ఒకే గొంతుతో, ఒకే వేగంతో రావాలి. చంపినవాళ్ళ పేర్లు ఎక్కడా రావద్దు, వ్యాఖ్యానంలో కూడా.

పేర్లకు ముందు మూడు నాలుగు నిమిషాలు జరిగింది చెప్పించండి. ఇప్పుడు మీ క్లాసులో ఉన్న పిల్లలకు 2008 అంటే పాఠ్యపుస్తకం లాంటిదే. నవంబర్ 26 రాత్రి మొదలై 29 ఉదయం దాకా సాగిందని, సముద్రం మీదుగా వచ్చిన పది మంది చేశారని చెబితే చాలు. ఆ తర్వాత మనుషుల గురించి చెప్పించండి. ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో అనౌన్సర్ విష్ణు జెండే తన గదిలోంచి కదలకుండా, ఎటు పారిపోవాలో మైకులో చెబుతూ ఉండిపోయాడు. ఎంతమంది బతికారో లెక్క లేదు. గిర్‌గామ్ చౌపాటీ దగ్గర ఏఎస్సై తుకారాం ఓంబ్లే తన చేతిలో తుపాకీ లేకపోయినా, ఎదుటివాడి ఏకే 47 గొట్టాన్ని పట్టుకొని వదల్లేదు. తూటాలు ఆయన ఒంట్లో దిగాయి, ఆ ఒక్కడు ప్రాణాలతో దొరికాడు. ఆయనకు చనిపోయాక అశోకచక్ర వచ్చింది. నారిమన్ హౌస్‌లో యూదు రబ్బీ దంపతులు చనిపోతే, ఆయా సాండ్రా శామ్యూల్ వాళ్ళ రెండేళ్ళ బిడ్డ మోషేను ఎత్తుకొని బయటపడింది. ఈ ముగ్గురి గురించి చెప్పినప్పుడు హాలు నిశ్శబ్దమైపోతుంది, ఫోన్లు చూసుకునే వెనక బెంచీలతో సహా.

యూదుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. మనకు వాళ్ళు ఎక్కడో దూరదేశం వాళ్ళనిపిస్తుంది గానీ, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి, బెనే ఎఫ్రాయిం అంటారు. నేను ఒక ఏడాది వాళ్ళలో ఒకరిని పిలవాలనుకొని, ప్రయాణం ఖర్చు దగ్గర ఆగిపోయాను. ఇప్పటికీ మనసులో ఉంది.

పేర్లయ్యాక మౌనం, రెండు నిమిషాలు పూర్తిగా. జనవరి 30న గాంధీ వర్ధంతికి ప్రభుత్వం పాటించమనే పద్ధతే తీసుకోండి: 10:59కి ఒక నిమిషం సైరన్, 11 గంటల నుంచి రెండు నిమిషాలు మౌనం, 11:02కి మళ్ళీ సైరన్. మీరు కాలేజీ బెల్లు కొట్టించండి. బెల్లు లేకుండా, "ఇప్పుడు రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అంటే మన దగ్గర ముప్పై సెకన్లకే ఎవరో ఒకరు "థాంక్యూ" అనేస్తారు.

ఇక ప్రార్థనలు. ఇక్కడే మీ భయమంతా ఉంది. ఎవరినీ "మాట్లాడండి" అని పిలవకండి, "చదవండి" అని పిలవండి. రెండు నిమిషాల పాఠం, వాళ్ళ గ్రంథం నుంచి వాళ్ళే ఎంచుకున్నది, కాగితం మీద ముందే మీకు ఇచ్చింది. వెంటనే దాని తెలుగు అర్థం ఒక విద్యార్థి చదువుతాడు. ఇంతకు మించి ఏమీ వద్దు. పిలవడానికి మీరే స్వయంగా వెళ్ళాలి, వాట్సాప్ మెసేజ్ పెడితే కుదరదు. వెళ్ళినప్పుడు కొన్ని తెలిసి ఉండాలి.

మనం అలవాటుగా "ఆత్మశాంతి కోసం ప్రార్థిద్దాం" అనేస్తాం. ఆ మాట అందరికీ సరిపోదు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బాప్టిస్టు లాంటి ప్రొటెస్టంటు సంఘాల్లో మామూలుగా చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయరు. బతికున్న కుటుంబాలకు ఓదార్పు కోసం చేస్తారు. అలా అడగండి, అయ్యగారు సంతోషంగా ఒప్పుకుంటారు, చాలామంది 23వ కీర్తన ఎంచుకుంటారు. కతోలికులు చనిపోయినవాళ్ళ కోసం కూడా ప్రార్థిస్తారు. నవంబర్ 2 వాళ్ళకు సమాధుల పండుగ, ఆ నెలంతా ఆ ధ్యాసే ఉంటుంది. కాబట్టి మరియాపురం వైపు ఫాదర్‌ని ఒకలా, సీఎస్ఐ అయ్యగారిని ఒకలా అడగాలి. ఇద్దర్నీ కలిపి "క్రైస్తవుల తరఫున ఒకరు" అంటే ఇద్దరికీ నొప్పే. ముస్లిం పెద్దల్లో కొందరు ఇతర మతస్తుల కోసం పరలోక క్షమాభిక్ష దువా చేయరాదంటారు. వాదించకండి. కుటుంబాలకు సబర్ (ఓర్పు), దేశానికి అమన్ (శాంతి) కోరుతూ దువా చేయమంటే ఏ అభ్యంతరమూ రాదు. పంతులుగారికి తర్పణం, పిండం మాట ఎత్తకుండా శాంతి మంత్రం చదవమని చెప్పండి. మార్వాడీ వీధి జైనుల్ని పిలిస్తే వాళ్ళకు బోలెడు సంతోషం, మాకు రెండుసార్లు వచ్చారు. ఏ మతమూ లేదనే లెక్చరర్ మీ స్టాఫ్‌లో తప్పకుండా ఒకరుంటారు, పేర్ల జాబితా ఆయనకు అప్పజెప్పండి. మా దగ్గర ఆ పని అంత శ్రద్ధగా చేసినవాళ్ళు ఇంకొకరు లేరు.

వరస గురించి ఎక్కువ ఆలోచించకండి. వయసులో పెద్దవారు ముందు. ఆ మాట పిలిచేటప్పుడే చెప్పండి, మన సీమలో వయసుతో ఎవరూ తగాదా పడరు. వేదిక వద్దు. హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి, మధ్యలో మైకు ఒక్కటి పెట్టండి.

ఫోన్ చేసిన తండ్రి సంగతి. ఆయన తప్పు మాట్లాడలేదు. రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది: ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న విద్యాసంస్థలో ఎవరినీ వాళ్ళ సమ్మతి లేకుండా మత ఆరాధనలో కూర్చోబెట్టకూడదు, మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. మొదటి సంవత్సరం పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది నిండవు కూడా. మీది పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే కాలేజీ అయితే మత బోధన అసలే కూడదు, ఉపన్యాసాలు వద్దనడానికి ఇంకో కారణం ఇదే. అందుకే నేను కార్యక్రమాన్ని రెండుగా విడగొట్టేవాణ్ణి. జరిగింది చెప్పడం, పేర్లు, మౌనం మొదటి భాగం, అది అందరికీ. తర్వాత ఐదు నిమిషాలు విరామం. ఉండేవాళ్ళు ప్రార్థనలకు ఉంటారు, వెళ్ళేవాళ్ళు వెళతారు. హాజరు తీసుకోకూడదు, ఎవరు లేచారో చూడకూడదు. 1986లో కేరళ కేసులో సుప్రీంకోర్టు తీర్పు గుర్తుంచుకోండి. జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడిన ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేయడం చెల్లదంది. ఆ తండ్రికి ఈ విరామం గురించి చెప్పండి. మా అనుభవంలో ఇలా అడిగిన ఇళ్ళ పిల్లలు చాలావరకు ఉండిపోయేవాళ్ళు. వెళ్ళొచ్చని తెలిశాక వెళ్ళాలనిపించదు కాబోలు.

మీకు రెండో రకం అభ్యంతరం కూడా వస్తుంది, ఇప్పుడే సిద్ధపడండి. "చంపింది వాళ్ళే, మళ్ళీ వాళ్ళనే పిలిచి చదివిస్తారా?" అని ఎవరో ఒక కుర్రాడు అంటాడు. కోప్పడకండి. ముంబైలో చనిపోయిన తొమ్మిది మంది దుండగుల్ని తమ శ్మశానంలో పూడ్చడానికి అక్కడి ముస్లిం ట్రస్టు ఒప్పుకోలేదని, ఆ శవాలు ఏడాదికి పైగా మార్చురీలోనే ఉండిపోయాయని చెప్పండి. 166 పేర్ల జాబితా వాడి చేతికే ఇచ్చి, అందులో ముస్లిం పేర్లు చూడమనండి. నేను అలా ఇచ్చిన ఒక కుర్రాడు మరుసటి ఏడాది పేర్లు చదివే పదిమందిలో చేరాడు. అందరూ అలా మారరు. ఇద్దరు మారలేదు, ఆ రోజు కాలేజీకి రాలేదు.

మరీ గట్టిగా పట్టుబడితే? ఖురాన్ ఒక్కటీ తీసేసి మిగతావి కానివ్వమని పైనుంచి చెబితే? గాంధీకీ ఇదే వచ్చింది. 1947 ఏప్రిల్‌లో ఢిల్లీలో సాయంత్రం ప్రార్థన సభల్లో ఖురాన్ వాక్యాలు చదవొద్దని కొందరు లేచారు. ఆయన ఆ ముక్క తీసేసి మిగతా ప్రార్థన జరిపించలేదు. చదివితే మొత్తం, లేకపోతే ఏదీ లేదు అని, ఆ రోజుకు ప్రార్థన మానేశారు. అభ్యంతరం ఉందా అని ముందే సభను అడిగేవారు. మీరూ అదే చేయండి. ఒకటి తీయమంటే ప్రార్థనల భాగం మొత్తం తీసేయండి, పేర్లు, మౌనం మాత్రం ఉంచండి. ఒక ఏడాది నేను అలాగే చేశాను. ఆ ఏడాది కార్యక్రమం పొట్టిగా జరిగింది గానీ, పరువుగా జరిగింది.

పిల్లలకు ఇదేదో కొత్తగా అనిపించకుండా ఉండాలంటే మన ఊరి ఉదాహరణ ఒకటి కావాలి. ఉపన్యాసాల్లో అందరూ దేవుని కడప చెబుతారు. ఉగాదికి ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకొని వేంకటేశ్వరుడి గుడికి వస్తారు, స్వామి పెళ్ళాడిన బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపిల్ల అంటారు. నిజమే, చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది పండుగ, చుట్టరికం, సంబరం. దుఃఖానికి అది సరిపోదు. దుఃఖానికి మన దగ్గర ఉన్నది పీర్ల పండుగ. 680లో కర్బలాలో ఇమామ్ హుస్సేన్ చనిపోయిన రోజును, ఒక్క ముస్లిం ఇల్లు లేని ఊళ్ళలో కూడా మనవాళ్ళు ఏటా తలుచుకుంటున్నారు. అనంతపురం జిల్లా గూగూడుకు కుళ్ళాయస్వామి పీరును చూడటానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది హిందువులే. మా జేజి చక్కెర, బెల్లం తీసుకెళ్ళి చదివింపులు చేయించేది. ముజావర్ ఫాతెహా చదువుతుంటే కొంగు నెత్తిన కప్పుకొని నిలబడేది. ఆ అరబ్బీ ఆమెకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఎవరో మంచివాణ్ణి నీళ్ళు కూడా ఇవ్వకుండా చంపారని మాత్రం తెలుసు, కరువు సీమలో ఆ ఒక్కటి చాలు. సర్వమత ప్రార్థన అనే మాట ఆమె జన్మలో వినలేదు.

2021 గురించి కూడా చెప్పాలి. ఆ ఏడాది నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, గుండ్లూరు ఊళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. మా కార్యక్రమానికి సరిగ్గా వారం ముందు. రాజంపేట వైపు నుంచి వచ్చే పిల్లలు మా దగ్గర ఉన్నారు. ముంబై పేర్లు చదవాలా వద్దా అని స్టాఫ్ రూములో చాలాసేపు కొట్టుకున్నాం. చివరికి ఆ పిల్లల్నే అడిగితే, "మావి కూడా చదవండి సార్" అన్నారు. 166 తర్వాత ఆపకుండా చెయ్యేరు పేర్లు చదివాం. జాతీయ విషాదం, జిల్లా విషాదం అని వేరుచేయాలనిపించలేదు. మీ ఏడాదిలో అలాంటిది జరగకూడదనే కోరుకుంటాను, జరిగితే మాత్రం నిబంధనలు చూసి వెనక్కి తగ్గకండి.

రాజ్యాంగ దినోత్సవాన్ని వేరే కార్యక్రమంగా పెట్టి పిల్లల్ని రెండుసార్లు హాలుకు తోలకండి. 1949లో అదే తేదీన రాజ్యాంగాన్ని ఆమోదించారు, 2015 నుంచి ఆ రోజు ప్రవేశిక చదివిస్తున్నారు. మౌనం అయిన వెంటనే, విరామానికి ముందు, అందరూ నిలబడి ప్రవేశిక చదవండి. అందులో విశ్వాసం, ఆరాధన స్వేచ్ఛ గురించిన మాట వచ్చేసరికి, తర్వాత జరగబోయే ప్రార్థనలకు వేరే పరిచయం అక్కర్లేదు.

మిగతావి చిన్నవి. ఉదయం పదిన్నరకు మొదలుపెట్టండి, పదకొండున్నరకు ముగించండి. 2027లో నవంబర్ 26 శుక్రవారం వస్తుంది, ఆ ఏడాది జుమా (శుక్రవారం మధ్యాహ్నం నమాజు) గుర్తుపెట్టుకొని ఇంకా ముందే మొదలుపెట్టాలి. 2028లో ఆదివారం, చర్చీల వాళ్ళు మధ్యాహ్నం దాకా రాలేరు. ఫ్లెక్సీ వేయించొద్దు. వేయిస్తే అందులో ఎవరి బొమ్మ ఎంత సైజులో ఉండాలనే దగ్గర మీ వారం రోజులూ పోతాయి. చప్పట్లు, నినాదాలు ఉండవని మొదట్లోనే ఒకసారి చెప్పేయండి. మైకు కాలేజీ గోడ దాటి వినబడేలా పెడితే పోలీసు అనుమతి అడుగుతారు, లోపలి స్పీకర్లు చాలు.

పేర్ల కాగితాలు పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి, 20వ తేదీకల్లా పిల్లల చేతుల్లో పెట్టండి. విదేశీ పేర్లు ఎలా పలకాలో పక్కన తెలుగులో రాయించండి. ఒక్కొక్కరిని కాకుండా ఇద్దరిద్దరిని మైకు దగ్గర నిలబెట్టండి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. 2014లో మా సెకండియర్ అబ్బాయి ఒకడు, ఇంట్లో పదిసార్లు చదువుకొని వచ్చినవాడే, ఒకే ఇంటివాళ్ళ పేర్లు వరసగా వచ్చేసరికి మూడో పేరు దగ్గర ఆగిపోయాడు. హాలంతా ఎదురుచూస్తోంది, వాడికి గొంతు రావడం లేదు. ముందు వరసలో ఉన్న ఒకమ్మాయి లేచి వచ్చి వాడి చేతిలో కాగితం తీసుకొని, ఆగినచోటి నుంచి చదివింది. వాడు పక్కనే నిలబడి ఉన్నాడు, పోలేదు. మైకు దగ్గర ఒక స్టూలు వేసి, దాని మీద చెంబుతో నీళ్ళు కూడా పెట్టించండి.